అర్ధరాత్రి క్యాజువాలిటీలో ఏ కార్డు తీయాలి?

పోయినేడు మా బావకి రాత్రిపూట గుండెనొప్పి వచ్చింది. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఈసీజీ తీయగానే "లక్ష అడ్వాన్సు కట్టండి" అన్నారు. అక్క గాజులు తీసి నా చేతిలో పెట్టింది. రాత్రి రెండింటికి వాటిని ఎవరు తీసుకుంటారు? ఆమె పర్సులో రేషన్ కార్డు, బావ ఫోన్‌లో ఆయన పనిచేసే కంపెనీ ఇచ్చిన 3 లక్షల ఆరోగ్య బీమా పాలసీ ఉన్నాయి. ఏది చూపించాలో ఇద్దరికీ తెలీదు.

ఆ టెన్షన్‌లో పాలసీ చూపించాం. క్యాష్‌లెస్, అంటే మనం డబ్బు కట్టకుండా బీమా కంపెనీయే ఆసుపత్రికి కట్టడం, అడిగిన గంటలోపు ఆ కంపెనీ అవునో కాదో చెప్పాలని 2024 మే నుంచి నిబంధన ఉంది. మాకు ఒప్పుకున్నారు. దెబ్బ తగిలింది డిశ్చార్జి రోజు. ఆ పాలసీలో రూమ్ అద్దె రోజుకి 3 వేలే. ఐసీయూ నుంచి మార్చేటప్పుడు 6 వేల రూమ్ ఇస్తే సరేనన్నాం. మిగతా అద్దె కట్టుకుంటే పోతుందిలే అనుకున్నాం. తీరా చూస్తే రూమ్ అద్దె పరిమితికి రెట్టింపని ఆ రూమ్ రోజుల డాక్టర్ ఫీజు, నర్సింగ్ చార్జీల్లో కూడా సగం కోసేశారు.

రేషన్ కార్డు చూపిస్తే వర్తించే ప్రభుత్వ పథకం ఆరోగ్యశ్రీలో ఈ రూమ్ లెక్క ఉండదు. చికిత్సకి ఇంత అని ప్యాకేజీ, అంతే. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి పరిమితి 10 లక్షలు. అత్యవసరమైతే ముందు ఫోన్‌లో అనుమతి తీసుకుని, కాగితాలు తర్వాత పంపే వీలుంది. అందుకే క్యాష్ కౌంటర్‌కి కాదు, నేరుగా ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్ర డెస్క్‌కి వెళ్లాలి. చిక్కల్లా ఆ ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉండాలి, ఆ జబ్బు జాబితాలో ఉండాలి. బకాయిలు రాలేదని ఆసుపత్రులు సేవలు ఆపేసిన రోజులూ ఉన్నాయి.

నన్నడిగితే స్టెంట్, బైపాస్ లాంటి జాబితాలోని చికిత్సకి ముందు ఆరోగ్యశ్రీయే. జాబితాలో లేకపోయినా, దగ్గర్లో నెట్‌వర్క్ ఆసుపత్రి లేకపోయినా పాలసీ. అయితే కొత్త పాలసీకి మొదటి 30 రోజులు ప్రమాదాలకి తప్ప జబ్బులకి పైసా రాదు. నొప్పి మొదలయ్యాక కొని లాభం లేదన్నమాట.

రోడ్డు ప్రమాదమైతే కథ వేరు. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకంలో 7 రోజుల వరకు, లక్షన్నర దాకా నగదు లేకుండా చూస్తారు. దానికి రేషన్ కార్డూ అక్కర్లేదు, పాలసీ కూడా అక్కర్లేదు.

మీ ఇంటికి దగ్గర్లో గుండెకి రాత్రిపూట కూడా చూసే ఆసుపత్రి ఏది, అక్కడ మీ రెండు కార్డుల్లో ఏది చెల్లుతుంది? ఇది పగలే కనుక్కోవాలి. ఆరోగ్యశ్రీ సంగతి 104కి ఫోన్ చేస్తే చెబుతారు. అక్క ఇప్పుడు ఆ ఆసుపత్రి పేరూ, అక్కడ చెల్లే కార్డు పేరూ రాసి బియ్యం డబ్బా మూత మీద అంటించింది.