సెయుటాకా, మెలిల్లాకా? ఆఫ్రికా గడ్డ మీద రెండు స్పెయిన్ ఊళ్ళు

రెండు ఖండాల ఊరు అనగానే అందరికీ ఇస్తాంబులే గుర్తొస్తుంది. మధ్యధరా సముద్రానికి పడమటి కొసన అలాంటివే ఇంకో రెండు ఊళ్ళున్నాయి. మొరాకో తీరాన్ని ఆనుకుని ఉన్న సెయుటా, మెలిల్లా. నేల ఆఫ్రికాది, పాలన స్పెయిన్‌ది, కొట్లో చెల్లేది యూరో. స్పెయిన్ చూడ్డానికి వచ్చే మనవాళ్ళు చాలామంది మాడ్రిడ్, బార్సిలోనా, అల్హంబ్రా చూసుకుని వెనక్కి తిరుగుతారు. దక్షిణాన మాలగా దాకా వచ్చి, చేతిలో ఇంకో రెండు రోజులు మిగిలినవాళ్ళకు ఈ ప్రశ్న వస్తుంది: రెంటిలో ఒకదానికే వీలైతే ఎటు పోవాలి?

నా లెక్క ముందే చెప్పేస్తాను. ఒక్క రోజే ఉంటే సెయుటా. ఒకటి రెండు రాత్రులు ఉండగలిగితే మెలిల్లా. మీరు వెళ్ళే రోజుల్లో వినాయక చవితి పడితే మాత్రం లెక్క మారుతుంది, ఆ సంగతి కింద చెబుతాను.

చేరుకోవడంలో సెయుటాదే పైచేయి. మాలగా నుంచి బస్సులో రెండు గంటల పైన ప్రయాణం చేస్తే అల్హెసీరాస్ రేవు వస్తుంది. అక్కడ ఫెర్రీ ఎక్కితే గంటలో సెయుటాలో దిగుతారు. పొద్దున వెళ్ళి సాయంత్రం తిరిగి రావచ్చు. సెయుటాకు విమానాశ్రయం లేదు, హెలికాప్టర్ సర్వీసు ఉంది కానీ దానికి పెట్టే డబ్బుతో ఇంకో ఊరు చూడొచ్చు. మెలిల్లాకు మాలగా నుంచి చిన్న ఏటీఆర్ విమానాలు తిరుగుతాయి, గంటలోపే ప్రయాణం. ఓడలో అయితే ఆరేడు గంటలు, రాత్రి ఎక్కి తెల్లారి దిగడం మేలు. ఒక్కోసారి గాలికి, పొగమంచుకు ఆ చిన్న విమానాలు రద్దవుతాయి. మర్నాడు మాడ్రిడ్‌లో ఇండియా ఫ్లైట్ పెట్టుకుని మెలిల్లా వెళ్ళడం అనవసరపు టెన్షన్.

కాగితాల విషయంలో రెండూ ఒకటే, కానీ మన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు ఇది జాగ్రత్తగా చదవాలి. స్పెయిన్ ప్రధాన భూభాగం నుంచి ఈ ఊళ్ళకు వెళ్ళడమంటే దేశం దాటినట్టు కాదు, చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంగెన్ వీసా చాలు. తిరుగు ప్రయాణంలో మాత్రం పత్రాలు తనిఖీ చేస్తారు. అందుకే పాస్‌పోర్టు హోటల్ గదిలో వదిలేసి ఫెర్రీ ఎక్కేయకండి. సరిహద్దు దాటి మొరాకోలోకి అడుగుపెడితే షెంగెన్ నుంచి బయటికి వెళ్ళినట్టే. మొరాకో వీసా విడిగా ఉండాలి, మీ షెంగెన్ వీసా మల్టిపుల్ ఎంట్రీది అయి ఉండాలి. సింగిల్ ఎంట్రీతో గేటు దాటితే వెనక్కి రానివ్వరు. "అరగంట అటు వెళ్ళి టీ తాగి వచ్చేద్దాం" అని సరదా పడేవాళ్ళు ముందు వీసా స్టిక్కర్ మీద ఏముందో చూసుకోవాలి.

ఇక ఊళ్ళు. మెలిల్లా 12 చదరపు కిలోమీటర్ల చిల్లర, సెయుటా 18.5. ఒక్కోదాంట్లో 80 వేల పైచిలుకు జనం. రెండు చోట్లా సగానికి దగ్గరగా ముస్లింలు. మెలిల్లాలో వాళ్ళ ఇంటి భాష ఎక్కువగా రిఫ్ కొండల బెర్బర్ భాష, సెయుటాలో మొరాకో అరబ్బీ. వీళ్ళతో పాటు క్రైస్తవులు, యూదులు, కొద్దిమంది హిందువులు.

మెలిల్లా నాకెందుకు నచ్చుతుందో చెప్పాలంటే ఫిరంగి దగ్గర మొదలుపెట్టాలి. ఈ ఊరు 1497 నుంచి స్పెయిన్ చేతిలో ఉంది. చాలాకాలం అది సముద్రంలోకి పొడుచుకొచ్చిన గుట్ట మీద కోట మాత్రమే. 1859, 1860 ఒప్పందాల్లో కోట చుట్టూ కొంత నేల ఇవ్వడానికి మొరాకో సుల్తాను ఒప్పుకున్నాడు. ఎంత నేల అన్నదానికి కొలత ఏమిటంటే, ఫిరంగి గుండు ఎంత దూరం పోతే అంత. 1862 జూన్‌లో విక్టోరియా గ్రాండే కోట మీద నుంచి ఒక ఫిరంగిని పేల్చారు. గుండు దాదాపు 2,900 మీటర్ల దూరంలో పడింది. ఆ లెక్కనే హద్దు గీశారు. మ్యాపు తీసి చూడండి, ఊరు విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది. ఇవాళ మొరాకో సరిహద్దు కంచె నిలబడి ఉన్నది ఆ ఫిరంగి గీసిన గీత మీదే. ఈ సంగతి తెలిశాక పాత కోట గోడ మీద నిలబడి ఊరివైపు చూడటం వేరేగా ఉంటుంది.

ఆ పాత కోట, మెలిల్లా లా వియేహా, ఒక్కటే సగం రోజు పడుతుంది. 1571 నాటి నీటి తొట్ల గదుల్లోకి దిగితే ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుంది. కింద కొండను తొలిచిన కొన్వెంతీకో గుహలున్నాయి. 1774లో సుల్తాను సైన్యం ముట్టడించినప్పుడు జనం వాటిలోనే తలదాచుకున్నారు. గుహల్లోంచి చిన్న సముద్రపు రేవు దగ్గరికి దారి ఉంది. మెట్లు ఎక్కువ, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆలోచించుకోవాలి.

కోట దిగి కొత్త ఊళ్ళోకి వస్తే, బార్సిలోనాలో చూసిన మోడర్నిస్ట్ బాణీ వంపుల ఇళ్ళు ఇక్కడా కనిపిస్తాయి. ఎన్రికే నియెటో అనే బార్సిలోనా ఆర్కిటెక్టు 1909లో ఇక్కడికి వచ్చి, 1954లో చనిపోయేదాకా ఇక్కడే ఉండిపోయాడు. బార్సిలోనాలో కాసా మిలా అనే పేరుమోసిన భవనం కట్టేటప్పుడు, దాని ఆర్కిటెక్టు గౌడి దగ్గర పనిచేశాడని చెబుతారు. బార్సిలోనాలోనే ఉండి ఉంటే గౌడి నీడలో పదిమందిలో ఒకడయ్యేవాడేమో, ఇక్కడ మాత్రం ఊరంతా ఆయనదే. యూదుల కోసం 1924లో ఓర్ జరువా సినగోగ్ గీశాడు, 1940లలో పెద్ద మసీదు గీశాడు, చర్చి పనుల్లోనూ చెయ్యి వేశాడు. ఒకే మనిషి డ్రాయింగు బల్ల మీద నుంచి మూడు మతాల ప్రార్థనా స్థలాలకు నక్షలు వెళ్ళాయి. సినగోగ్ నుంచి మసీదుకు నడుచుకుంటూ వెళ్ళొచ్చు. దారిలో తలెత్తి చూస్తూ నడవాలి. కింద సెల్‌ఫోన్ రీచార్జి కొట్టు, బట్టల కొట్టు ఉంటాయి. పైన లేత పసుపు, గులాబీ రంగు గోడల మీద పూలదండలు, ఆడవాళ్ళ ముఖాలు, ఇనుప తీగలు అల్లినట్టున్న బాల్కనీలు. కొన్ని చక్కగా రంగులు వేసి ఉన్నాయి, కొన్ని పెచ్చులూడిపోతున్నాయి. గుంపులు లేకుండా, క్యూ కట్టకుండా, టికెట్ కొనకుండా చూసే మోడర్నిస్ట్ ఊరు ఇది. ఈ ఒక్క కారణంతోనే నేను మెలిల్లాకు ఓటేస్తాను.

సెయుటా బలం ఇళ్ళలో లేదు, నీళ్ళలో ఉంది. సన్నని మెడలాంటి నేల మీద ఊరు, రెండు వైపులా సముద్రం. ఆ మెడకు అడ్డంగా రాచకోట గోడలు, వాటి మధ్య సముద్రపు నీళ్ళతో నిండిన కందకం. ఇటు సముద్రం నుంచి అటు సముద్రానికి ఆ కందకంలో పడవలు పోతాయి. వీలుంటే పడవెక్కండి, గోడల ఎత్తు కింద నుంచి చూస్తేనే అర్థమవుతుంది. తూర్పు చివర హాచో కొండ ఎక్కితే జలసంధికి ఆవల జిబ్రాల్టర్ కనిపిస్తుంది. పాత గాథల్లో హెర్క్యులిస్ స్తంభాలంటే ఒకటి ఆ జిబ్రాల్టర్, రెండోది ఈ హాచో అని కొందరు, మొరాకో వైపున్న జెబెల్ మూసా అని ఇంకొందరు అంటారు. 1154లో సిసిలీ రాజు కోసం ప్రపంచ పటం గీసిన అల్ ఇద్రీసీ పుట్టింది ఈ ఊళ్ళోనే అంటారు. నాలుగు దిక్కులూ కనిపించే ఇలాంటి చోట పుట్టినవాడు పటాలు గీయకుండా ఎలా ఉంటాడు! ఊరి జెండా చూస్తే మాత్రం తికమక పడతారు, మధ్యలోని చిహ్నం తప్ప అది అచ్చం పోర్చుగల్ రాజధాని లిస్బన్ జెండా. 1415లో దీన్ని పట్టుకున్నది పోర్చుగీసువాళ్ళు. 1640లో పోర్చుగల్ స్పెయిన్ నుంచి విడిపోయినప్పుడు ఈ ఊరు స్పెయిన్ వైపే ఉండిపోయింది, జెండా మాత్రం మార్చుకోలేదు.

ఇప్పుడు వినాయకుడి సంగతి. పందొమ్మిదో శతాబ్దం చివర్లో వ్యాపారం కోసం వచ్చిన సింధీ కుటుంబాల వారసులు ఈ రెండు ఊళ్ళలోనూ ఉన్నారు. మెలిల్లాలో కొద్దిమందే, వాళ్ళకొక చిన్న ప్రార్థనా మందిరం ఉంది. సెయుటాలో కొన్ని వందల మంది, దుర్గా మందిరం ఉంది, దీపావళి ఊరి పండగల్లో ఒకటి. గణపతిని వీధుల్లో ఊరేగించి సముద్రంలో నిమజ్జనం చేస్తారు. 2017 ఆగస్టులో ఆ ఊరేగింపు ఊరి ఇలవేల్పు లాంటి ఆఫ్రికా మేరీమాత చర్చి లోపలికి వెళ్ళింది. విగ్రహంతో పాటు వెళ్ళి మేరీమాతకు మర్యాద చేశారు, లోపలున్నవాళ్ళు పాట పాడి స్వాగతించారు. వీడియోలు బయటికి రాగానే గొడవైంది. బిషప్ కార్యాలయం ఇది జరగకూడని పని అంది, లోపలికి రానిచ్చిన వికార్ జనరల్ (బిషప్ తరఫున వ్యవహారాలు చూసే పెద్ద పాదిరి) పదవి వదులుకున్నాడు. నాలుగు మతాల సామరస్యం అని టూరిజం కరపత్రాల్లో రాసేదానికంటే ఈ ఒక్క సంఘటన ఎక్కువ చెబుతుంది: ఊళ్ళోవాళ్ళకు అభ్యంతరం లేనిది పైవాళ్ళకు అభ్యంతరమైంది. చవితి రోజుల్లో దక్షిణ స్పెయిన్‌లో ఉంటే మెలిల్లా మానేసి సెయుటా వెళ్ళండి. హుస్సేన్ సాగర్ హడావుడి ఆశించకండి. చిన్న ఊరేగింపే, అయితే జిబ్రాల్టర్ జలసంధి పక్కన డోలు మోత వినడం ఇంకెక్కడా కుదరదు.

కరపత్రాలు చెప్పని మాట ఇంకోటి. 1985లో స్పెయిన్ తెచ్చిన విదేశీయుల చట్టంతో ఈ ఊళ్ళలో పుట్టి పెరిగిన ముస్లింలు చాలామంది పరాయివాళ్ళయ్యే పరిస్థితి వచ్చింది. మెలిల్లాలో పెద్ద నిరసనలు జరిగాక 1986 నుంచి పౌరసత్వాలు ఇవ్వడం మొదలుపెట్టారు. ఇక వలస వచ్చేవాళ్ళను ఆపడానికి మొరాకో సరిహద్దులో కట్టిన కంచెలు. 2021 మేలో రెండు రోజుల్లో సుమారు 8 వేల మంది మొరాకో నుంచి ఈదుకుంటూ, నడుచుకుంటూ సెయుటాలోకి వచ్చారు. 2022 జూన్ 24న మెలిల్లా కంచె దాటబోయినవాళ్ళలో కనీసం 23 మంది చనిపోయారు. కంచెను చూడ్డానికి వెళ్ళి సెల్ఫీ తీసుకోవడం నాకు నచ్చదు. ఎలాగూ రెండు ఊళ్ళలోనూ ఏ కొండ ఎక్కినా అది కనిపిస్తూనే ఉంటుంది.

మొరాకోలోకి దాటాలనుకుంటే సెయుటా పక్క దారి తిన్ననిది. తరహాల్ గేటు దాటితే ఫ్నిదెక్, అక్కణ్ణుంచి షేర్ టాక్సీలో తెతువాన్. యునెస్కో జాబితాలో ఉన్న ఆ తెల్లటి పాత బస్తీకి ఒక పూట సరిపోదు. నీలం గోడల షెఫ్‌షావెన్ కూడా ఇటువైపే. మెలిల్లా నుంచి బేని ఎన్సార్ గేటు దాటితే వచ్చేది నాదోర్. అది వ్యాపారాల ఊరు, చూసేందుకు మార్ చీకా సరస్సు తప్ప పెద్దగా లేదు.

తిండి దగ్గర పెద్ద తేడా లేదు. పుదీనా టీ, హరీరా సూప్, మసాలా పట్టించి కాల్చిన మాంసం పుల్లలు రెండు చోట్లా బాగుంటాయి. శాకాహారులు "సిన్ కార్నే, సిన్ పెస్కాదో" (మాంసం లేకుండా, చేప లేకుండా) అని రెండు మాటలు నేర్చుకుని వెళ్ళాలి, లేకపోతే సలాడ్‌లో ట్యూనా వస్తుంది. సెయుటాలో వేసవిలో ఉప్పు పట్టించిన ఎగిరే చేపల్ని నిలువునా చీల్చి, పుల్లలు గుచ్చి, గాలికి దండేల మీద వేలాడదీస్తారు. ఉప్పాడ ఒడ్డున పెరిగినవాళ్ళకు ఆ వాసన ఇల్లు గుర్తుచేస్తుంది. తినేది మాత్రం కూరగా కాదు, బీరు పక్కన సన్నగా తుంచుకుని.

షాపింగ్ కోసమే వెళ్ళేవాళ్ళుంటే ఒక మాట. ఇక్కడ స్పెయిన్ వ్యాట్ లేదు, తక్కువ రేటున్న స్థానిక పన్ను ఉంది. ఒకప్పుడు స్పెయిన్ జనం రేడియోలు, వాచీలు కొనడానికి సెయుటా సింధీ బజార్లకు ఓడలెక్కి వచ్చేవాళ్ళు. ఆ రోజులు పోయాయి. సెంటు సీసా, మద్యం చవక, అంతే.

పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్తే సెయుటానే నయం. రేవుకు దగ్గర్లోనే స్పెయిన్ కళాకారుడు సెసార్ మన్రీకే రూపకల్పన చేసిన సముద్రపు నీటి కొలనుల పార్కు ఉంది, పిల్లలకు సగం రోజు గడిచిపోతుంది. జంటగా, కెమెరాతో, తొందర లేకుండా తిరిగేవాళ్ళకు మెలిల్లా.

సెయుటా వెళ్ళేవాళ్ళు ఫెర్రీ టికెట్ తిరుగు ప్రయాణానికి టైము మార్చుకునేలా తీసుకోండి. జలసంధిలో తూర్పు గాలి లేస్తే ఓడలు ఆగిపోతాయి. మొరాకో వైపు దాటి వస్తుంటే గడియారం కూడా చూసుకోవాలి. వేసవిలో స్పెయిన్ టైము ఒక గంట ముందుంటుంది, తెతువాన్‌లో ఫోను చూపించే టైము నమ్ముకుంటే సెయుటా రేవులో ఆఖరి ఫెర్రీ అప్పటికే కదిలిపోయి ఉంటుంది.