అనంతపురంలో బండికి వెనక క్యారియర్: రెడీమేడ్‌ది ఒకటి, వెల్డింగ్ అంగట్లో చేయించింది ఒకటి

డ్రిప్ పరికరాల సర్వీసు పని మీద నేను అనంతపురం నుంచి గార్లదిన్నె, శింగనమల, నార్పల వైపు చీనీ (బత్తాయి) తోటలకు వారంలో అయిదు రోజులు తిరుగుతాను. బండి 125 సీసీది, బీఎస్-6 ఇంజెక్షన్ మోడల్. పానాలు, రంపం, గ్రోమెట్లు, ఎండ్ క్యాపులు, నీళ్ళలో ఎరువు కలిపే వెంచురీ ఒకటి సర్దిన ఇనుప పెట్టె, దాని మీద 16 మిల్లీమీటర్ల లేటరల్ పైపు చిన్న చుట్ట నా వెంట రోజూ ఉండవలసిందే. రెండింటినీ కలిపి తూస్తే 12 కిలోలు వచ్చింది. ఇన్నాళ్ళూ వాటిని సీటు మీదే కట్టుకుని పోయేవాణ్ణి. రైతు బోరు దగ్గరకు దారి చూపిస్తానని వచ్చినా ఎక్కించుకోవడానికి చోటుండేది కాదు, ఆయన ముందు నడిస్తే నేను వెనక ఫస్టు గేరులో పోవలసి వచ్చేది. అందుకే క్యారియర్ బిగించుకుందామనుకున్నాను. ఆ పని ఒక్కసారితో కాలేదు, రెండుసార్లు పట్టింది.

మొదటిది పాతూరులో ఒక విడిభాగాల అంగట్లో 1,450 రూపాయలకు కొన్న రెడీమేడ్ క్యారియర్. చూపులకు ఏ వంకా పెట్టలేము. నల్లని పౌడర్ కోటింగు నున్నగా ఉంది, అంచులు గీసుకోవు, డబ్బాలో బోల్టులూ వాషర్లూ కూడా ఉన్నాయి. అంగట్లో కుర్రవాడు సీటు తీసి, వెనక కూర్చున్నవాళ్ళు పట్టుకోవడానికి కంపెనీ ఇచ్చిన హ్యాండిల్‌ను విప్పేసి, ఆ నాలుగు రంధ్రాలకే దీన్ని తగిలించాడు. ఎడమవైపు రెండు బోల్టులు సాఫీగా దిగాయి. కుడివైపు రంధ్రాలు మాత్రం దాదాపు 4 మిల్లీమీటర్లు పక్కకున్నాయి. అప్పుడు అతడు ఎడమవైపు బోల్టులను సడలించి చూడవలసింది. అలా చేయకుండా పెద్ద స్క్రూడ్రైవరు దూర్చి క్యారియర్‌ను పక్కకు నెట్టి పట్టుకుని, రెండో చేత్తో పానా తిప్పాడు. బోల్టు దిగింది, నేనూ డబ్బులిచ్చి వచ్చేశాను.

నలభై రోజులు తిరగకముందే గార్లదిన్నె దగ్గర ఒక తోట బాటలో వెనకనుంచి టకటకమని చప్పుడు మొదలయింది. దిగి చూస్తే కుడివైపు ఒక బోల్టు లేదు, ఎడమవైపు వెల్డింగు పక్కన, సరిగ్గా అతుకు ముగిసే అంచున, వెంట్రుక మందాన చీలిక కనిపించింది. ఇనుము తక్కువ రకమని మొదట తిట్టుకున్నాను. తరువాత ఆలోచిస్తే తప్పు ఇనుముది ఒక్కటే కాదనిపించింది. బలవంతంగా నెట్టి బిగించిన కడ్డీ బరువు పెట్టకముందే లోపల లాగుడుతో ఉంటుంది. దాని మీద 12 కిలోలు పెట్టి గతుకుల్లో రోజుకు 60, 70 కిలోమీటర్లు కుదిపితే అతుకు అంచున కాక మరెక్కడ తెగుతుంది? అంగడివాళ్ళు వాపసు తీసుకోలేదు, బరువు ఎక్కువ పెట్టారన్నారు. ఎంత బరువు పెట్టవచ్చో డబ్బా మీద ఎక్కడా రాసి లేదు.

ఈ క్యారియర్‌లో ఇంకొక లోపం తరువాత గాని నాకు తట్టలేదు. పాత హ్యాండిల్ తీసేశాక వెనక కూర్చున్నవారు పట్టుకోవడానికి ఏమీ మిగలలేదు. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 123వ నియమం ప్రకారం ప్రతి మోటారు సైకిలుకూ వెనక కూర్చునేవారి కోసం చేతిపట్టు, కాళ్ళు పెట్టుకునే ఫుట్‌రెస్టు, బట్టలు చక్రంలో చిక్కుకోకుండా కనీసం సగం చక్రాన్ని కప్పే గార్డు ఉండి తీరాలి. మన ఊళ్ళలో చీర కట్టుకుని ఒక పక్కకు కూర్చునే ఆడవాళ్ళకు ఆ పట్టే ఆధారం. కాబట్టి హ్యాండిల్‌ను పీకించే ఏ క్యారియర్‌నూ, అది ఎంత అందంగా ఉన్నా, నేను ఎవరికీ సిఫారసు చేయను.

రెండోసారి రుద్రంపేట వైపు ఉన్న ఒక వెల్డింగు అంగడికి వెళ్ళాను. అంగడాయన యాభై దాటిన మనిషి. పెట్టె సీటుకు తగలకుండా ఉండాలని, క్యారియర్‌ను ఇంకొక జానెడు వెనక్కి లాగమని అడిగాను. ఆయన బండి వెనక చివర పట్టుకుని ఒక్క నొక్కు నొక్కి, "అట్ల కాదప్పా, ఎనక్కి లాగితే బండి మొగం లేస్తుంది" అన్నాడు. ఇంటికి పోయి లెక్క వేస్తే ఆయన మాట అక్షరాలా నిజం. నా బండి చక్రాల మధ్య దూరం 128 సెంటీమీటర్లు. పాత క్యారియర్ మీద పెట్టె నడిబొడ్డు వెనక ఇరుసుకు 35 సెంటీమీటర్లు వెనక ఉండేది. అంటే ఆ 12 కిలోలు వెనక చక్రం మీద పడటమే కాక, ముందు చక్రం మీద నుంచి 3 కిలోలకు పైగా ఎత్తేసేవి. ఇసుక బాటలో హ్యాండిల్ తేలిపోయినట్టు ఎందుకు ఉండేదో అప్పుడు అర్థమయింది. ఆయన చేసిన దానిలో పెట్టె 15 సెంటీమీటర్లు ముందుకు వచ్చింది, ఆ ఎత్తుడు 2 కిలోల లోపుకు తగ్గింది. పెట్టె అంచు సీటు చివర మీదికి కొద్దిగా వస్తుంది గాని, వెనక కూర్చున్నవారికి ఇబ్బంది లేదు. వెనక దీపమూ నంబరు ప్లేటూ రెండూ పూర్తిగా కనిపిస్తున్నాయి.

కడ్డీ విషయంలోనూ నా అంచనా తప్పింది. ఇళ్ళ పనిలో వాడే 12 మిల్లీమీటర్ల కమ్మీతో చేస్తే గట్టిగా ఉంటుందని నేను అంటే, ఆయన 19 మిల్లీమీటర్ల పైపు తీశాడు. గోడ మందం 1.6 మిల్లీమీటర్లు. 12 మిల్లీమీటర్ల కమ్మీ మీటరుకు 0.888 కిలోలు తూగితే ఈ పైపు 0.69 కిలోలే తూగుతుంది, అయినా వంగకుండా ఎదురు నిలవడంలో పైపు ఆ కమ్మీకి మూడు రెట్లు మెరుగు. పట్టీలతో కలిపి మొత్తం క్యారియర్ 2.9 కిలోలే వచ్చింది.

బిగించిన తీరు గురించి కాస్త వివరంగా చెప్పాలి. కంపెనీ హ్యాండిల్‌ను అలాగే ఉంచి, దాని బోల్టుల దగ్గర 5 మిల్లీమీటర్ల పట్టీలు వేసి, కింది రెండు కాళ్ళను వెనక ఫుట్‌రెస్టు బ్రాకెట్టుకు దించాడు. నా బండిలో ఆ బ్రాకెట్టు ఫ్రేముకే ఉంది కాబట్టి సరిపోయింది. కొన్ని బళ్ళలో వెనక ఫుట్‌రెస్టు వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్‌కు ఉంటుంది, అది చక్రంతో పాటు పైకీ కిందికీ ఆడుతుంది. అలాంటి చోట క్యారియర్ కాలు కడితే విరగక తప్పదు. కుడి కాలుకూ సైలెన్సరుకూ నడుమ రెండు వేళ్ళ ఎడం వదిలాడు. వెల్డింగుకు ముందు బ్యాటరీ నెగటివ్ వైరు విప్పుతూ, "ఇంజెక్షన్ బండి ఇది. ఈసీఎం కాలితే నా అంగడి అమ్మినా చాలదు" అన్నాడు. ఈసీఎం అంటే ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటరు. బండి మీద టాకాలు (చిన్న చుక్క అతుకులు) మాత్రమే వేసి, క్యారియర్‌ను విప్పి నేల మీద పెట్టి పూర్తి అతుకు వేశాడు. తిరిగి ఎక్కించేటప్పుడు బోల్టులన్నిటినీ చేత్తో రెండేసి మరలు తిప్పి వదిలేసి, క్యారియర్ ఎటూ లాగకుండా కూర్చుందని చూసుకున్న తరువాతే పానా పట్టాడు. పట్టీ మందం పెరిగింది కాబట్టి పాత 8 మిల్లీమీటర్ల బోల్టుల బదులు, అదే సైజులో, తల మీద 8.8 అని బలాన్ని తెలిపే గుర్తున్న పొడుగు బోల్టులు వేశాడు. నట్టు పట్టే చోట నైలాన్ నట్లు, మిగతా చోట్ల స్ప్రింగు వాషర్లు వేశాడు.

ఇక ఫిర్యాదులు. సాయంత్రానికి ఇస్తానన్న బండి మూడో రోజుకు గాని చేతికి రాలేదు. ఆ మూడు రోజులూ నేను బస్సుల్లో, ఆటోల్లో పెట్టె మోసుకు తిరిగాను. రంగు పని మరీ నాసిరకం. తుప్పు గీకకుండానే ఒక పూత రెడాక్సైడు, దాని మీద నల్ల ఎనామిల్ కొట్టాడు. రబ్బరు తాడు కొక్కేలు రాసుకునే చోట రెండు నెలలకే రంగు ఊడి ఎర్రబారింది. పూత వేయకుండా ఇప్పించుకుని, పౌడర్ కోటింగు వేరే చోట వేయించుకోవడం మేలు. కొక్కేల తాళ్ళు నేనూ మానేశాను, పాత సైకిలు ట్యూబు నిలువునా కోసి పేలికలుగా కట్టుకుంటున్నాను. అవి రంగును గీయవు, గతుకుల్లో పెట్టెను జారనివ్వవు.

పైపు, బోల్టులు, కూలి అన్నీ కలిపి 2,200 రూపాయలు తీసుకున్నాడు. ఈ బరువుకు వెనక షాక్ అబ్జార్బర్లను ఒక మెట్టు బిగించుకోవాలని, 100 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి వచ్చి బోల్టులు చూపించుకోవాలని చెప్పి పంపాడు. చెప్పినట్టే వెళ్తే రూపాయి తీసుకోకుండా చూసి పంపాడు. మొన్న 2,000 కిలోమీటర్లు దాటాక నేనే పానా పెట్టి చూశాను. ఎడమవైపు కింది బోల్టు ఒక్కటి పావు మర తిరిగింది, మిగిలినవి కదల్లేదు.