తాయ్ చి వచ్చినవాళ్ల కోసం నిలుచునే ధ్యానం: ఈ వీడియో కోర్సు ఎలా ఉంది?

తాయ్ చిలో 24 కదలికల ఫామ్ (ఒకదాని వెంట ఒకటిగా చేసే కదలికల వరస) వచ్చేసింది, ఇక దాన్ని ఎలా లోతుగా చేయాలా అని చూస్తున్నవాళ్లు ఈ కోర్సు తీసుకోవచ్చు. ఆ ఫామ్‌ను 1956లో చైనాలో అందరికీ తేలిగ్గా అందాలని కుదించారు కాబట్టి వరస గుర్తుండటం పెద్ద కష్టం కాదు. ఒళ్లు బిగబట్టకుండా ఆ వరస చేయడమే కష్టం, కోర్సంతా దాని మీదే. కొత్త కదలిక ఒక్కటీ నేర్పరు, ముందు మనల్ని నిలబెడతారు.

దీన్ని జాన్ జువాంగ్ అంటారు. పాదాలు భుజాలంత ఎడంగా, మోకాళ్లు కాస్త వంచి, చేతులు ఛాతీ ఎత్తులో చెట్టును కౌగిలించుకున్నట్టు పెట్టి కదలకుండా ఉండాలి. చూడటానికి ఇంతే. కాసేపటికే భుజాలు చెవుల వైపు లేస్తాయి, తొడలు వణుకుతాయి, ఊపిరి పైపైనే ఆడుతుంది, ఎప్పుడైపోతుందా అని మనసు టెన్షన్ పడుతుంది. సరిగ్గా అప్పుడే టీచర్ మోచేతులు మణికట్లకన్నా కిందికి వదలమంటారు, తర్వాత నడుము, తర్వాత దవడ. దవడ కూడా బిగుసుకుని ఉందని ఆ మాట వినేదాకా తెలియదు! ఈ పాఠం ఒక్కటి చాలు, నాకు ఎంతో నచ్చింది. ఆ వెంటనే ఫామ్ చేస్తే బరువు ఏ కాలి మీద ఉందో స్పష్టంగా తెలుస్తుంది, ఫామ్‌లోని మేఘ హస్తాలనే కదలికలో చేతుల్ని తిప్పుతున్నది నడుమేనని అర్థమవుతుంది.

వాంగ్ షియాంగ్‌జాయ్ అనే చైనా యుద్ధవిద్యల గురువు ఫామ్‌లన్నీ పక్కన పెట్టి, నిలుచోవడాన్నే పునాదిగా చేసుకుని యీచువాన్ అనే యుద్ధవిద్య పద్ధతి మొదలుపెట్టారు. ఈ టీచర్ ఆయన గురించి చెప్తారు గానీ ఫామ్ వదిలేయమనరు, రెండూ కలిపే చేయిస్తారు. నా ఓటూ దానికే.

నచ్చనివీ ఉన్నాయి. కెమెరా ఎప్పుడూ ఎదురుగానే ఉంటుంది, మోకాలు కాలివేళ్లు దాటి ముందుకు పోతోందా లేదా అన్నది పక్క నుంచి చూపిస్తేనే కదా తెలిసేది. సందేహం రాసి పంపితే చాలా ఆలస్యంగా, అందరికీ పంపే జవాబే వచ్చింది. ఇక చివరి పాఠంలో రోజూ నిలబడితే జబ్బులన్నీ పోతాయనడం అస్సలు బాగాలేదు. తాయ్ చితో పెద్దవాళ్లు తూలి పడిపోవడం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది, ఆ మాట చెప్తే సరిపోయేది.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టండి. పెద్దగా వంగకుండా నిటారుగా నిలబడే పద్ధతి మూడో పాఠంలో ఉంది, మొదటి రెండూ వదిలేసి నేరుగా అక్కడికే వెళ్లండి.