అశ్వగంధ చూర్ణం: నిద్ర సరే, డబ్బా మీద ఆ రాతేంటి?

అశ్వగంధ అంటే తెలియనివాళ్లు లేరు కాబట్టి ఆ సోది వదిలేస్తాను. ఏడాది పైగా, మధ్యమధ్య ఆపుతూ, రాత్రిపూట పాలల్లో కలుపుకుని తాగుతున్నాను. ఎంత తిప్పినా గ్లాసు అడుగున మడ్డి మిగుల్తుంది, వాసన ఓర్చుకోవాలి. నిద్ర మాత్రం బాగా పట్టింది. నా కోపమంతా డబ్బా మీదున్న ఒక్క ముక్క గురించే: ‘ఎలాంటి దుష్ప్రభావాలూ లేవు’.

ఆ ముక్క చూసే సోంపేటలో మా వదిన కూడా ఓ డబ్బా తెప్పించుకుంది. ఆవిడకి థైరాయిడ్ తక్కువ, ఏళ్లుగా పరగడుపున మాత్ర వేసుకుంటుంది. కొన్నాళ్లకి గుండె దడ, చేతుల్లో వణుకు, ఒళ్లు తగ్గిపోవడం. మా ఉద్దానంలో ఎవరికేమొచ్చినా మనసు ముందు కిడ్నీల మీదకే పోతుంది. క్రియాటినిన్ చేయించారు, బాగానే ఉంది. శ్రీకాకుళం తీసుకొస్తే డాక్టరు టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష రాశారు. అది బాగా కిందకి పడిపోయింది. దీని లెక్క తిరగేసి ఉంటుంది, ఇది పడిపోయిందంటే ఒంట్లో థైరాయిడ్ హార్మోను ఎక్కువైందని. “ఇంకేమైనా మందులు వాడుతున్నారా?” అనడిగితే “ఏటీ నేదు బాబూ” అంది. పొడి ఆవిడ లెక్కలో మందు కాదు మరి! మాత్ర డోసు తగ్గించి రాయబోతుంటే మా అన్నయ్య అందుకున్నాడు, “రాత్రి పాలల్లో ఏదో కలుపుకుంటాది గదా” అని. డాక్టరు రాయడం ఆపేశారు. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లని పెంచగలదట. మాత్ర అలాగే ఉంచి పొడి మానిపించారు. ఆరు వారాలు పోయాక చేయిస్తే మామూలుగా వచ్చింది. దానివల్లే అని ఆయన తేల్చి చెప్పలేదు గానీ, మళ్లీ ముట్టుకోవద్దన్నారు.

ఇక నా నిద్ర. ఆ నెలల్లోనే సాయంత్రం టీ కూడా మానేశాను, కాబట్టి ఘనతంతా పొడికే కట్టబెట్టలేను. జలుబు మాత్ర వేసుకున్న రాత్రి ఇదీ తాగితే మర్నాడు పొద్దెక్కేదాకా మత్తు, బండి తీయబుద్ధి కాదు. నిద్రమాత్రలతో కలపొద్దనేది అందుకే. షుగర్, బీపీ మందులున్నవాళ్లకి అవి మరీ పడిపోవచ్చు. గర్భిణులకి వద్దే వద్దు. అరుదుగా లివర్ దెబ్బతిని కామెర్లొచ్చిన కేసులూ ఉన్నాయి. కళ్లు పచ్చబడితే ఆపేసి డాక్టరు దగ్గరకి వెళ్లాలి. అశ్వగంధ ఆకు వాడొద్దని 2021లో ఆయుష్ మంత్రిత్వ శాఖ తయారీదారులకి చెప్పింది. నా డబ్బా మీద ‘వేరు’ అని స్పష్టంగా ఉంది, అది మెచ్చుకోవాలి. వేరని అచ్చేసినవాళ్లకి థైరాయిడ్ గురించి ఒక్క లైను వేయడానికి చోటు దొరకలేదా?

నాకు థైరాయిడ్ లేదు, షుగర్ లేదు, రోజూ వేసుకునే మాత్రలూ లేవు. అందుకే మూడు నెలలు మించకుండా ఆపి, మళ్లీ వాడుతున్నాను; అంతకంటే ఎక్కువ కాలం వాడితే ఏమవుతుందో సరిగ్గా పరిశీలించినవాళ్లు తక్కువ. నా వరకు అయిదుకి మూడు. వదిన్నడిగితే సున్నా ఇస్తుంది.