దేవమాలి ఒక్క రోజులో: విజయనగరం నుంచి సుంకి ఘాట్ మీదుగా

“ఏటి బావా, ఎదురుగా అరకు పెట్టుకుని ఒడిశా ఎల్దామంటావు?” అని మా బావమరిది రెండు రోజులు వెటకారమాడాడు. వాడిదీ తప్పు కాదు. విజయనగరంలో పెరిగిన వాళ్లకి కొండ అంటే ఎస్.కోట దాటి అనంతగిరి ఎక్కడమే. కానీ కిందటి డిసెంబరులో ఆదివారం పూట ఆ దారిన వెళ్లి, కార్ల వెనక కార్లు చూసి తిరిగొచ్చాక ఇంకో కొండ వెతుక్కోవాలనిపించింది.

దేవమాలి ఒడిశాలోకెల్లా ఎత్తైన శిఖరం, 1,672 మీటర్లు. కోరాపుట్ జిల్లాలో ఉంది. తూర్పు కనుమలన్నిటికీ అదే పెద్దదని చెప్పేవాళ్లున్నారు గానీ, మన అల్లూరి జిల్లాలోని జిందగడ దానికంటే కాస్త పొడుగు. ఇంటి నుంచి రానూపోనూ మా బండి మీటరు 300 కిలోమీటర్లకు అటూఇటూగా తిరిగింది. మైదానంలో అయితే అదేం లెక్క కాదు. ఘాట్‌లో మాత్రం కిలోమీటర్లు కాదు, గంటలు చూసుకోవాలి. అందుకే నేను పథకం వెనక నుంచి వేశాను. చీకటి పడేలోగా సాలూరులో దిగిపోవాలి, అంటే మధ్యాహ్నం ఒంటి గంటకి కొండ మీద నుంచి కదలాలి, అంటే ఇంట్లో తెల్లారుజామున నాలుగున్నరకి తాళం వేయాలి. వేసేసరికి అయిదూ పది అయింది. అత్తగారి పులిహోర డబ్బా మూత దొరకలేదు.

గజపతినగరం, రామభద్రపురం, సాలూరు దాకా 26వ నంబరు జాతీయ రహదారి మీద హాయిగా పోవచ్చు. పెట్రోలు సాలూరులోనే నింపుకోండి, టైర్లలో గాలీ అక్కడే చూపించుకోండి. లారీల ఊరు కదా, అంత పొద్దున్నే కూడా పని తెలిసినవాళ్లు దొరికారు.

ఊరు దాటాక ఘాట్ మొదలవుతుంది. ఛత్తీస్‌గఢ్ నుంచి విశాఖ రేవుకి వచ్చే బరువు లారీలు చాలావరకు ఈ దారినే దిగుతాయి. రాయపూర్–విశాఖ ఆరు వరసల కొత్త రహదారి పూర్తయితే వాటి రద్దీ తగ్గుతుందంటున్నారు. ప్రస్తుతానికి వాటి వెనకే ఓపిగ్గా నడవాలి. ఎక్కేవాళ్లకి దిగేవాళ్లు దారివ్వాలన్నది రూలు, కానీ బరువుతో దిగే లారీ రూలు చూసుకుని ఆగలేదు. మలుపు దగ్గర హారన్ కొట్టి, మనమే ఓ పక్కకి ఆగడం మేలు. దిగేటప్పుడు రెండో గేరు వదలొద్దు. మా బావమరిది న్యూట్రల్‌లో జారుద్దామని చూశాడు. బ్రేకులు కాలిన వాసనొచ్చాక బండి పక్కన ఆపి, ముప్పావుగంట కూర్చున్నాం. ఆ ముప్పావుగంట ఇంట్లో ఆడవాళ్లు వాడితో మాట్లాడలేదు.

సుంకి, పొట్టంగి దాటి సెమిలిగుడలో టిఫిన్ చేశాం. బరా (మన గారెల్లాంటివే), ఘుగుని (బఠాణీల కూర) వేడివేడిగా పెట్టారు. ఇడ్లీ కోసం వెతికిన మా మామగారికే నిరాశ. సంత పక్కన ఒకావిడ మండియా పేజ్ అమ్ముతోంది. తాగి చూస్తే మన చోడంబలే, అదే రాగి అంబలి, ఉల్లిపాయ లేదంతే.

అక్కడి నుంచి కొండకి వెళ్లే దారి సన్నం, చివర్లో నిటారు. దాదాపు పైదాకా సిమెంటు రోడ్డుంది. ఎక్కలేని బండిని తోసుకెళ్లకండి, కిందే పెట్టి నడవండి. పైన చెట్టు లేదు, నీడ లేదు, అంతా గడ్డే. గాలి చెవుల్లో హోరెత్తిపోతుంది. మేం వెళ్లేసరికి మంచు కమ్మి పక్కన ఉన్న మనిషే కనబడలేదు. పావుగంటకి ఒక్కసారిగా తెర జరిగినట్టు జరిగి, కిందికి వరసలు వరసలుగా కొండలు తేలాయి. అత్తగారు చెప్పులు విప్పేసి గడ్డి మీద కూర్చుండిపోయారు. ఫోన్లు తీసింది ఆ తర్వాతే. తీసినా సిగ్నల్ లేదు, అందుకే మ్యాపు సెమిలిగుడలోనే దింపి పెట్టుకోవాలి. ఆ రోజు పైన తినడానికేం దొరకలేదు. పులిహోరే దిక్కయింది.

రాత్రి ఉండాలా? సూర్యోదయం కావాలంటే ఉండక తప్పదు. అంతకుముందు ఒకసారి అటువైపు ఒక లాడ్జిలో దిగాను. ఫోన్‌లో ఇరవై నాలుగు గంటలూ వేడినీళ్లన్నారు. చలికి వణుకుతూ పొద్దున ఆరింటికి అడిగితే మనిషికో బకెట్ లెక్కన ఇచ్చారు, దుప్పటికి విడిగా డబ్బులు. ముసలివాళ్లు, పసిపిల్లలు ఉంటే ఆ బాధ పడకుండా అనంతగిరికే వెళ్లండి, బొర్రా గుహలు చూసి ఎస్.కోటలో దిగిపోవచ్చు. కోరాపుట్ జగన్నాథుడి గుడి, కొలాబ్ జలాశయం కూడా ఇదే రోజులో కలుపుదామనుకుంటే మాత్రం మానుకోండి. మేం కలపాలని చూసి, గుడి దారిలో సగం వెళ్లి గడియారం చూసుకుని వెనక్కి తిరిగాం.

సరిహద్దు దగ్గర డిక్కీ తెరిపించి చూశారు, కాగితాలు చేతికందేలా ఉంచుకోండి. సాలూరు దీపాలు కనబడేసరికి ఆరున్నర. రామభద్రపురంలో అత్తగారు బండి ఆపించి వంకాయలు బేరమాడారు. “ఒడిశా కొండ చూపించి, రామభద్రపురం వంకాయలు తినిపిస్తావన్నమాట” అని బావమరిది మళ్లీ మొదలెట్టాడు. అప్పటికి వాడితో అందరూ మాట్లాడుతున్నారు.