మా మేనకోడలికి కొన్న ఫోల్డ్‌స్కోప్: మూడు నెలలు వాడాక

ఎనిమిదో తరగతి చదివే మా మేనకోడలి పుట్టినరోజుకి సైన్స్ కిట్ ఏదైనా కొందామని ఒక బొమ్మల షాపుకి వెళ్తే, "ఆడపిల్లకా మేడమ్?" అని అడిగి పూసలు గుచ్చుకునే డబ్బా తెచ్చి ముందు పెట్టారు. మైక్రోస్కోపులు పక్క అరలోనే ఉన్నాయి, డబ్బాల మీద అన్నీ అబ్బాయిల ఫొటోలే. ఒళ్ళు మండి వచ్చేశాను. తర్వాత ఆన్‌లైన్‌లో ఫోల్డ్‌స్కోప్ తెప్పించాను.

ఇది కాగితం మైక్రోస్కోపు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో మను ప్రకాష్ బృందం తయారుచేసింది, 2014లో దాని మీద పరిశోధనా పత్రం కూడా వచ్చింది. తడికి తట్టుకునే అట్టలోంచి ముక్కలు విడదీసి, మడిచి, ఒకదాంట్లో ఒకటి దూర్చుకోవాలి. లెన్స్ చిన్న పూసంత ఉంటుంది, కానీ 140 రెట్లు పెద్దగా చూపిస్తుంది. అయస్కాంతంతో ఫోన్ కెమెరాకి తగిలిస్తే ఫొటోలు తీసుకోవచ్చు.

నేను కావాలనే చెయ్యి పెట్టలేదు. మా పిల్లే ఒక ముక్క తిరగేసి మడిచింది, విప్పి మళ్ళీ మడిచింది, కంటికి బాగా దగ్గరగా పెట్టుకోవాలని తెలుసుకోవడానికే ఒక సాయంత్రం పట్టింది. మా స్కూల్లో ఆరుగురికి ఒక మైక్రోస్కోపు ఉండేది, దాన్ని తిప్పేది అబ్బాయిలు, రికార్డులో బొమ్మలు అందంగా గీసేది మేము. ఉల్లిపొర కణాన్ని నేను పుస్తకంలో చూసే గీశాను, పదికి పది వేశారు. అందుకే మొన్న మా పిల్ల ఉల్లిపొరని ఇందులో చూసి "అత్తా, ఇటుకల గోడలా ఉంది!" అని అరిస్తే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అన్నిటికంటే నచ్చింది ఆకు ప్రయోగం. రంగులేని నెయిల్ పాలిష్ ఆకు అడుగున పూసి, ఆరాక టేపుతో ఆ పొర లాగి స్లైడ్ మీద అంటించి చూస్తే పత్రరంధ్రాలు, అంటే ఆకులోకి గాలి వచ్చిపోయే సన్నని రంధ్రాలు, కనిపిస్తాయి, రెండు చిక్కుడు గింజలు ఎదురెదురుగా పెట్టినట్టు. మందారం, తులసి, కరివేపాకు, పెరట్లో ఏదీ వదల్లేదు.

అప్పుడే జానకి అమ్మాళ్ గురించి చెప్పాను, 1930ల్లోనే కోయంబత్తూరులో చెరకు క్రోమోజోముల మీద, అంటే కణాల్లో జన్యువులుండే పోగుల మీద, పనిచేసిన ఆవిడ. "ఆవిడ డాక్టరా?" అంది. కాదు, వృక్ష శాస్త్రవేత్త అన్నాను. "మొక్కల్ని చూస్తే జీతం ఇస్తారా అత్తా?" ఇస్తారమ్మా, మన హైదరాబాదులోనే, రాజేంద్రనగర్‌లో వరి పరిశోధన సంస్థ ఉంది, పటాన్‌చెరులో మెట్ట పంటల మీద పరిశోధన చేసే ఇక్రిశాట్ ఉంది. బైపీసీ అంటే నీట్ ఒక్కటే అనుకునే ఇంట్లో ఈ మాట ఇదివరకు ఎవరూ ఆ పిల్లకి చెప్పలేదు.

క్రోమోజోముల్లాంటివి చూడాలంటే మాత్రం ఇది చాలదు, ల్యాబు మైక్రోస్కోపే కావాలి. స్లైడ్లు, పట్టకార్లు కలిసి వచ్చే కిట్ తీసుకుంటే వెతుక్కునే పని ఉండదు. ఇంట్లో అన్నాచెల్లెళ్ళు ఉంటే దయచేసి చెరొకటి కొనండి. మేం ఒకటే కొన్నాం, వారం తిరక్కుండానే అది వాళ్ళన్న బ్యాగులో చేరింది, తీసి మళ్ళీ మా పిల్ల చేతికి ఇవ్వాల్సి వచ్చింది.