కాలువకి ఇటు ఫైబర్, అటు టవర్: రాజోలు దగ్గర ఇంటి నెట్ అనుభవం

కరోనా ఏడాది నుంచీ మా ఊళ్లో ఫైబర్ నెట్ వాడుతున్నాను. హైదరాబాద్ ఆఫీసు పనంతా దీనిమీదే. కంపెనీ పేరు రాయను, రాసినా మీకు పెద్దగా పనికిరాదు. ఎందుకంటే అదే కంపెనీ, అదే ప్లాను, పంటకాలువ అవతల మా పెదనాన్నగారింటికి ఇవ్వరు.

ఎందుకివ్వరని కేబుల్ ఆయన్ని అడిగితే ఒక్క ముక్కలో తేల్చేశాడు. "ఆయ్, అటు గట్టు బాక్సులో పోర్టులు లేవండి." విషయం అంతే. ఆపరేటర్ ఆఫీసులో బయల్దేరిన ఒక్క ఫైబర్ పోగు (నెట్‌ని వెలుతురుగా మోసే సన్నటి గాజు తీగ) దారిలో స్ప్లిట్టర్ డబ్బాల్లో చీలుతూ మామూలుగా 32 ఇళ్లకో, 64 ఇళ్లకో వెళ్తుంది. డబ్బా నిండితే ఇంకో డబ్బా, దానికింకో పోగు, వంతెన మీదుగా చుట్టూ తిప్పి లాగాలి. అవతల ఉన్నవి కొబ్బరితోటల్లో విసిరేసినట్టు కొన్ని ఇళ్లు. ఆయనకి గిట్టుబాటు కాదు. వెబ్‌సైటులో మాత్రం మా పిన్‌కోడ్ కొడితే 'సర్వీసు ఉంది' అని పచ్చగా వస్తుంది! ఒక పిన్‌కోడ్ కింద ఎన్నో ఊళ్లుంటాయి, స్తంభం మీది బాక్సు సంగతి దానికేం తెలుసు?

అసలు మా గోదావరి డెల్టాలో అడుగడుగునా కాలువలే, తవ్వి కేబుల్ వెయ్యడం ఎవరికైనా తలనొప్పే. 2017లో లాంఛనంగా మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఫైబర్‌నెట్ కూడా కరెంటు స్తంభాల మీదుగానే వచ్చింది. ఇంటిదాకా లాగే పని ఊళ్లో కేబుల్ ఆపరేటర్లది. అందుకే ఏ ఊళ్లోనైనా నెట్ బాగుందా లేదా అన్నది సగం ఆ ఆపరేటర్ చేతిలోనే ఉంటుంది.

మా ఇంటికొస్తే, 100 ఎంబీపీఎస్ ప్లానుకి ల్యాప్‌టాప్‌కి వైరు పెట్టి చూస్తే తొంభైకి తగ్గదు. టెన్షనంతా గాలివానతోనే. కొబ్బరిమట్ట పడిందంటే తీగ తెగుతుంది, ఇంట్లో మోడెం పెట్టె మీద ఎర్రలైటు వెలుగుతుంది. కుర్రాడొచ్చి అతికించి వెళ్తాడు. ఒకసారి అతని చేతిలో, తీగలో వచ్చే వెలుతురు కొలిచే మీటరు చూశాను, మైనస్ 26 డీబీఎం (మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గినట్టు). మామూలుగా ఈ పెట్టెలు తట్టుకునేది మైనస్ 27 దాకానే. పోగు రెండుగా చీలిన ప్రతిచోటా వెలుతురు సగమవుతుంది, ప్రతి అతుకుకీ మరికొంత పోతుంది. అంటే ఇంకో రెండు నాసిరకం అతుకులు పడితే మా ఇల్లు చీకటే. పట్టుబట్టి స్తంభం నుంచి ఇంటిదాకా తీగ మొత్తం మార్పించాను. రీడింగు మైనస్ 21కి వచ్చింది, ఆ తర్వాత వీడియో కాల్ మధ్యలో ఆగడం పోయింది. దీనికి డబ్బులడిగారు, గొడవపడి సగమే ఇచ్చాను.

కరెంటు పోతే చిన్న యూపీఎస్ మీద పెట్టె నడుస్తుంది. దారిలో డబ్బాలకి కరెంటే అక్కర్లేదు. కానీ ఆపరేటర్ ఆఫీసులో ఇన్వర్టర్ పడుకుందంటే ఊరు ఊరంతా ఫోనుల హాట్‌స్పాటే.

పెదనాన్నగారు చివరికి మేడ మీద పెట్టే 5జీ పెట్టె తీసుకున్నారు, ఫోను టవర్ సిగ్నల్ పట్టి ఇంటికి నెట్ ఇచ్చేది. తీగ గొడవ లేదు, పగలు మా ఇంటికంటే వేగం. సాయంత్రం ఊరి ఫోనులన్నీ అదే టవర్ మీద పడతాయి కాబట్టి సగానికి దిగుతుంది. వానాకాలం మరీ కష్టం. ఇంటికీ టవర్‌కీ మధ్య తోట ఉంది, తడిసిన ఆకులు ఆ సిగ్నల్‌ని బాగా మింగేస్తాయి. పెట్టెని మేడ ఆ మూల నుంచి ఈ మూలకి మార్చాక కాస్త నయం. లంకల్లో ఉండే మా చుట్టాలకైతే ఉన్న దారి టవర్ ఒక్కటే.

కొత్తగా పెట్టించుకునేవాళ్లు ప్లాన్ల ధరలు చూసేముందు స్తంభం దాకా నడిచి బాక్సులో ఖాళీ ఉందేమో అడగండి. పెట్టిన రోజే మీటరు రీడింగు ఫోనులో ఫొటో తీసుకోండి. 5జీ అయితే ఆర్నెల్ల ప్యాకేజీ ఒకేసారి కట్టకుండా ముందు ఒక్క నెల చూడండి, వీలైతే శ్రావణంలో.